ఓడిన ఆల్బమ్, నిలిచిన టేపు: సైమన్, గార్ఫంకెల్ తొలి రికార్డు మీద ఒక కేస్ స్టడీ

గిటార్ ఒకటి, గొంతులు రెండు పెట్టుకుని తొలి ఆల్బమ్ చేద్దామని హైదరాబాదులో నా దగ్గరికి వచ్చే జంటలకు పని మొదలుపెట్టక ముందే ఒక పాత రికార్డు వినిపిస్తుంటాను. అది గెలిచిన రికార్డు కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా రికార్డ్స్ సంస్థ 1964 అక్టోబర్ 19న విడుదల చేసిన 'వెన్స్‌డే మార్నింగ్, 3 ఏ.ఎం.' అనే ఆ ఆల్బమ్ మొదటి విడతలో సుమారు మూడు వేల కాపీలే అమ్ముడుపోయింది. పాడిన అమెరికన్ ఫోక్ జంట పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్ ఆ తరువాత ఎవరి దారిన వారు పోయారు. అయితే అందులోని ఒక పాట, 'ది సౌండ్స్ ఆఫ్ సైలెన్స్', పాడినవారి ప్రమేయం లేకుండానే కొత్త వాద్యాలు చేర్చుకుని, 1966 జనవరి 1తో ముగిసిన వారానికి అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

దీన్ని అదృష్టం ఖాతాలో వేసి ఊరుకోవచ్చు. కాని పని చేసేవాడి దృష్టితో చూస్తే ఇందులో రెండు వరుసల నిర్ణయాలు విడివిడిగా కనిపిస్తాయి. ఏ పాటలు ఎంచుకోవాలి, ఏ క్రమంలో పెట్టాలి, ఎప్పుడు విడుదల చేయాలి అనేవి ఆల్బమ్‌కు సంబంధించినవి. అవి బలహీనంగా ఉన్నాయి. గొంతులను ఎలా పట్టుకోవాలి, పక్కన ఏ వాద్యం ఉండాలి, ఏది ఉండకూడదు అనేవి రికార్డింగ్‌కు సంబంధించినవి. అవి గట్టిగా ఉన్నాయి. రెండో వరుస గట్టిగా ఉండబట్టే మొదటి వరుసలోని లోపాలను పదిహేను నెలల తరువాతైనా సరిదిద్దుకోవడం సాధ్యపడిందని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ రెండు వరుసలనూ విడదీసి చూసే ప్రయత్నం.

జంట అప్పటి స్థితి

ఇద్దరూ 1941లో పుట్టినవారు, న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో రెండు మూడు వీధుల ఎడంలో పెరిగినవారు, 1953లో బడి నాటకంలో కలిసినవారు. కలిసి పాడడం వీరికి 1964లో కొత్త కాదు. 1957లో, ఇంకా హైస్కూలు చదువులో ఉండగానే, 'టామ్ అండ్ జెర్రీ' అనే మారుపేరుతో 'హే, స్కూల్‌గర్ల్' అనే సింగిల్ (ఒక పాట కోసం విడిగా వచ్చే చిన్న రికార్డు) చేశారు. అది బిల్‌బోర్డ్‌లో 49వ స్థానం దాకా వెళ్లింది. తరువాత చేసినవేవీ నిలబడకపోవడంతో జంట విడిపోయింది. సైమన్ క్వీన్స్ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదువుతూ, వేరువేరు మారుపేర్లతో డెమోలు (నమూనా రికార్డింగులు) పాడుతూ, పాటల ప్రచురణ సంస్థలో పని చేస్తూ పరిశ్రమ అంచుల్లో తిరిగారు. గార్ఫంకెల్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1963లో మళ్లీ కలిశారు.

ఈ చరిత్రను ఎందుకు చెబుతున్నానంటే, తొలి ఆల్బమ్ అన్నంత మాత్రాన పాడేవారు కొత్తవారని అనుకోకూడదు. జంటగా పాడే అన్నదమ్ములు ఎవర్లీ బ్రదర్స్ రికార్డులు వింటూ, ఒకరి నోటి కదలికను ఒకరు చూస్తూ చిన్నప్పటి నుంచి సాధన చేసిన గొంతులవి. ఒక పదం ఎక్కడ మొదలవుతుంది, ఊపిరి ఎక్కడ పడుతుంది, పదం చివరి హల్లు ఎక్కడ తెగుతుంది అనే మూడు విషయాల్లో ఇద్దరూ ఒక్కటిగా ఉండడమే జంట గానానికి ప్రాణం. ఇది స్టూడియోలో నేర్పగలిగింది కాదు. సాఫ్ట్‌వేర్‌తో హల్లులను ఒక వరుసలోకి జరపవచ్చు గాని, జరిపినట్టు తెలిసిపోతుంది.

ఒప్పందం కుదిరిన తీరు కూడా గమనించదగ్గది. సైమన్ కొలంబియా సంస్థ నిర్మాత టామ్ విల్సన్ దగ్గరికి మొదట వెళ్లింది గాయకుడిగా కాదు, పాటలు అమ్మేవాడిగా. విల్సన్ 'హీ వాజ్ మై బ్రదర్' పాటను వేరే బృందం చేత పాడించాలని అనుకున్నారు. తన మిత్రుడితో కలిసి పాడి వినిపిస్తానని సైమన్ అడిగారు. విల్సన్ హార్వర్డ్ పట్టభద్రుడు, 1955లో సొంతంగా ట్రాన్సిషన్ అనే జాజ్ లేబుల్ నడిపినవారు, అప్పటికే ఫోక్ గాయకుడు బాబ్ డిలాన్ ఆల్బమ్‌లకు నిర్మాత. అంటే ఈ జంటను ఒప్పుకున్నది జానపద గీతాల్లో పుట్టి పెరిగినవాడు కాదు, జాజ్ నుంచి వచ్చినవాడు. 1965లో ఆయన తీసుకోబోయే నిర్ణయానికి ఈ నేపథ్యంతో సంబంధం ఉందని నేననుకుంటాను: వచ్చిన టేక్‌ను (ఒక విడతలో పాడి పట్టుకున్న రికార్డింగ్‌ను) పవిత్ర వస్తువుగా కాక, పని జరగవలసిన సరుకుగా చూడగలిగారు.

మార్చి నెల సెషన్లు

రికార్డింగ్ 1964 మార్చి 10, 17, 31 తేదీల్లో, సెవెంత్ అవెన్యూలోని 799 నంబరు భవనంలో ఉన్న కొలంబియా స్టూడియోలో జరిగింది. ఇంజనీర్ రాయ్ హాలీ. అంతకు ముందు సీబీఎస్ టెలివిజన్‌లో ధ్వని విభాగంలో పనిచేసి వచ్చినవారు. సైమన్ గిటార్‌కు తోడుగా బారీ కార్న్‌ఫెల్డ్ మరో అకూస్టిక్ గిటార్, బిల్ లీ డబుల్ బేస్ వాయించారు. (ఈ బిల్ లీయే సినిమా దర్శకుడు స్పైక్ లీ తండ్రి.) అంతే. డ్రమ్స్ లేవు, పియానో లేదు, తంత్రీ వాద్యాల బృందం లేదు. పన్నెండు పాటలకు మూడు రోజులు పట్టిందంటే, అప్పటికే సాధన పూర్తయిన పాటలను దాదాపు ప్రత్యక్ష ప్రదర్శనలాగే పట్టుకున్నారని అర్థం చేసుకోవాలి.

'ది సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' మొదటి రోజున, మార్చి 10న, రికార్డయింది. దీన్ని హెడ్‌ఫోన్లలో వింటే పని తీరు తెలుస్తుంది. గిటార్ మెడ మీద చాలా పైన, ఆరో మెట్టు దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేచోట అదిమిపెట్టే బిగింపు) బిగించి వాయించడం వల్ల తీగల్లో బరువైన మోత తగ్గి ఒక రకమైన గాజుతనం వచ్చింది. అందువల్ల గొంతులు ఉండే మధ్య స్థాయిలో గిటార్ అడ్డు రాదు, బేస్‌కు కింద చోటు మిగులుతుంది. గొంతులు ఆరంభంలో ఏకస్వరంలో నడిచి, తరువాత విడిపోయి రెండు దారులవుతాయి. కింద సైమన్, పైన గార్ఫంకెల్. విడిపోయే ఆ చోట ఎవరి గొంతూ పెరగదు. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు అన్న భావం కలగదు. వినేవాడికి రెండు గొంతులు వేర్వేరుగా కాక రెండు అంచులున్న ఒకే గొంతుగా అనిపిస్తుంది.

మన జానపద సంప్రదాయంలో జంట గానమంటే వేరే అమరిక. బుర్రకథలో కథకుడు ఎత్తుకుంటాడు, పక్కనున్న ఇద్దరూ వంత పాడతారు. పొలం పాటల్లో ఒకరు అంటే మిగతావారు అందుకుంటారు. ఒకే మాటను ఒకే క్షణంలో రెండు స్వరాల మీద నడిపే అలవాటు మనకు చలనచిత్రాల ద్వారా, చర్చి గాయక బృందాల ద్వారా వచ్చిందే ఎక్కువ. అందుకే తెలుగులో పాడే జంటలు హార్మొనీ కోసం ప్రయత్నించినప్పుడు అలవాటుగా ఒకరు వంతకారుడైపోతారు, ఆయన గొంతు వెనక్కు తగ్గిపోతుంది. ఇలాంటి జంటలను స్టూడియోలో వేర్వేరు గదుల్లో నిలబెట్టి, వేర్వేరు మైకుల మీద పాడించి, మిక్సింగులో గొంతులను సమం చేద్దామంటే ఫలితం బాగుండదు. నేను సాధారణంగా ఇద్దరినీ ఎదురెదురుగా, మధ్యలో రెండు వైపులా సమానంగా వినే మైకు పెట్టి నిలబెడతాను. గట్టి గొంతున్నవారు అర అడుగు వెనక్కు జరుగుతారు. ఆ దూరమే మిక్స్. ఈ పద్ధతిలో ఒకరి తప్పును విడిగా దిద్దలేం. ఇద్దరూ మళ్లీ పాడవలసిందే. కాని ఇద్దరి పెదవులూ ఒకరికొకరికి కనబడతాయి గనుక, ముఖ్యంగా ద్విత్వాక్షరాల దగ్గర, మహాప్రాణాల దగ్గర మాట చెదరదు. 'చల్లని' అన్న మాటలో 'ల్ల' మీద ఒకరు ముందు దిగి మరొకరు వెనక దిగితే ఎంత మంచి స్వరమైనా పాడైనట్టే వినిపిస్తుంది.

ఆ మార్చి సెషన్లలో మరొక సంగతి ఉంది, అప్పుడు ఎవరూ పట్టించుకోనిది. తాళం యంత్రం పెట్టుకోకుండా, గిటార్ చేతి మీదే లయ నడిపించారు. పాదం చివర మాట సాగిన చోట లయ కొంచెం నెమ్మదిస్తుంది, తరువాతి పాదం ఎత్తుగడలో కొంచెం ఊపందుకుంటుంది. మాట ప్రధానమైన పాటకు ఇది సహజం, అందం కూడా. ఏడాది తరువాత దీని మీద డ్రమ్స్ వేయవలసి వచ్చినప్పుడు ఇదే చిక్కయింది.

పన్నెండు పాటలు

ఆల్బమ్ ఓటమికి కారణం వెతికితే ఎక్కువ దూరం పోనక్కర లేదు. వెనక అట్ట మీది పాటల పట్టికే చెబుతుంది. పన్నెండులో సైమన్ రాసినవి ఐదు. మిగతా ఏడింటిలో మూడు సంప్రదాయ గీతాలు, నాలుగు అప్పటికి జీవించి ఉన్న ఇతర రచయితలవి. మొదటి పాట 'యు కెన్ టెల్ ది వరల్డ్' చర్చి గీతపు ఊపులో సాగే హుషారు పాట. రెండో వైపు మూడోది 'గో టెల్ ఇట్ ఆన్ ది మౌంటెన్', దాన్ని పీటర్, పాల్ అండ్ మేరీ అనే బృందం వారు అప్పుడే తమ పద్ధతిలో పాడి జనంలోకి తీసుకెళ్లారు. 'ది టైమ్స్ దే ఆర్ ఎ-చేంజిన్' డిలాన్ పాట. అదే కొలంబియా సంస్థ నుంచి, అదే టామ్ విల్సన్ నిర్మాణంలో, అదే 1964 ఆరంభంలో వచ్చిన ఆల్బమ్‌కు పేరు పాట. డిలాన్ గొంతులో ఆ పాట దొరుకుతుండగా, అదే కొట్టులో, పక్క అరలో, అదే పాటను మరింత శుభ్రంగా పాడిన రికార్డు ఎవరు కొంటారు? శుభ్రంగా పాడడం ఆ పాటకు గుణం కూడా కాదు.

అమెరికా చట్టంలో 1909 నుంచి ఉన్న నిర్బంధ లైసెన్సు పద్ధతి వల్ల ఒకసారి రికార్డుగా బయటికి వచ్చిన పాటను ఎవరైనా తిరిగి పాడుకోవచ్చు. కాపీకి రెండు సెంట్లు రచయితకు చెల్లిస్తే చాలు. ఇతరుల పాటలతో ఆల్బమ్ నింపే అలవాటుకు ఈ చౌకదనం ఒక కారణం. అప్పటి జానపద గీతాల మార్కెట్టులో అది వింత కూడా కాదు. అందరూ ఒకే గంపలోని పాటలు పాడేవారు. కాని కొత్తవారిని ఎందుకు వినాలో శ్రోతకు చెప్పవలసిన రికార్డులో సగానికి పైగా ఇతరుల మాటలే ఉంటే, 'వీరెవరు?' అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఇరవై రెండేళ్ల సైమన్ రాసిన 'బ్లీకర్ స్ట్రీట్'లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ వీధి మీది పొగమంచు ఉంది. 'స్పారో'లో నీడ దొరకని పిచ్చుక ఉంది. అవి ఆ జంట మాత్రమే పాడగల పాటలు. మిగతావి ఆ రోజుల్లో ఏ కాఫీ హౌస్‌లోనైనా వినబడేవే. ఇందులో నేను మినహాయించేది ఒక్క 'బెనెడిక్టస్'ను. 16వ శతాబ్దపు స్వరకర్త ఒర్లాండో డి లాసో రచన ఆధారంగా రెండు గొంతులకు అమర్చిన ఆ లాటిన్ ప్రార్థన మార్కెట్టుకు పనికి వచ్చేది కాకపోయినా, ఆ గొంతుల కొలత ఎంతో చూపించింది.

క్రమం విషయానికి వస్తే, 'ది సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' మొదటి వైపు చివరిది, ఆరో పాట. ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) మీద ఈ స్థానానికి సాంకేతిక అర్థం ఉంది. పన్నెండు అంగుళాల రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది; బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో పోతే, లోపలి గాడుల్లో ఆ వేగం 21 సెంటీమీటర్ల దగ్గరికి పడిపోతుంది. అదే ధ్వని తక్కువ చోటులో ఇరుక్కోవాలి గనుక అక్కడ పై స్థాయి మసకబారుతుంది, సకారాలు చిట్లుతాయి. అందుకే గట్టి పాటలు బయట, మెల్లని పాటలు లోపల వేయడం రివాజు. ఆ లెక్కన ఈ పాట లోపలికి వెళ్లడంలో వింత లేదు. ఒక వైపును ముగించే పాటగా గౌరవ స్థానమనీ అనవచ్చు. కాని రేడియో స్టేషన్లో కొత్త రికార్డు చేతికొచ్చిన డీజే ముందు ముల్లు పెట్టేది మొదటి పాట మీద. అక్కడ ఆయనకు వినిపించింది మరో జానపద బృందం.

ఒక చిన్న సంగతి. ఐదు సొంత పాటల్లో 'హీ వాజ్ మై బ్రదర్' రచయితగా పాల్ కేన్ అనే మారుపేరు ఉంది, మిగతా నాలుగింటికి పాల్ సైమన్ అని ఉంది. ఒకే రికార్డు మీద ఒకే మనిషికి రెండు పేర్లు. ఈనాడు ఐపీఆర్ఎస్‌లో (రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీలో) పాట నమోదు చేసేటప్పుడు, పంపిణీ సంస్థకు వివరాలు పంపేటప్పుడు ఇలాంటి తేడా వస్తే రాయల్టీ ఏళ్ల తరబడి ఎవరికీ చెందక పడి ఉంటుంది. ఆ పాట గురించి ఒక అపోహ కూడా ప్రచారంలో ఉంది: 1964 జూన్ 21న మిసిసిపీలో హత్యకు గురైన పౌరహక్కుల కార్యకర్త ఆండ్రూ గుడ్‌మన్ మీద రాసిందని. గుడ్‌మన్ సైమన్‌కు క్వీన్స్ కాలేజీ సహాధ్యాయి; పాట తరువాత ఆయనకు అంకితమైన మాట నిజం. కాని రికార్డింగ్ మార్చిలోనే అయిపోయింది.

విడుదల

మార్చి నుంచి అక్టోబర్ దాకా ఏడు నెలల ఎడం. ఆ ఏడాది ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టెలివిజన్లో కనిపించారు. ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి ఐదు స్థానాలూ వారివే. రికార్డింగ్ నాటికే గాలి మారడం మొదలైంది, విడుదల నాటికి పూర్తిగా మారిపోయింది. అట్ట మీద ఫిఫ్త్ అవెన్యూ, 53వ వీధి సబ్‌వే స్టేషన్లో రైలు పక్కన సూట్లు తొడుక్కుని నిలబడ్డ ఇద్దరు యువకులు; కింద, జానపద సంప్రదాయంలో ఉత్తేజకరమైన కొత్త ధ్వనులు అన్న అర్థం వచ్చే ఉపశీర్షిక. 1963లో అది అమ్మకపు వాక్యమే. 1964 అక్టోబర్ నాటికి పాతబడింది. సైమన్ ఇంగ్లండ్ వెళ్లి అక్కడి ఫోక్ క్లబ్బుల్లో పాడుకున్నారు, గార్ఫంకెల్ చదువులో పడ్డారు.

ఇంగ్లండ్‌లో 1965లో సైమన్ ఒంటరిగా, గిటార్ మాత్రమే పెట్టుకుని, చాలా తక్కువ ఖర్చుతో ఒక ఆల్బమ్ చేశారు. వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది బంగారం లాంటి ఆధారం, ఎందుకంటే అందులో 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' కూడా ఉంది: అదే పాట, అదే రచయిత, రెండో గొంతు లేకుండా. అందులో కోపం ఎక్కువ వినిపిస్తుంది, కాలి చప్పుడు వినిపిస్తుంది. చెడ్డ రికార్డింగ్ కాదు. అయితే దాని మీద డ్రమ్స్ వేసి ఎవరైనా విడుదల చేసి ఉంటే అది నంబర్ వన్ అయ్యేదని నేను అనుకోను. 1964 టేపులో ఉన్న నిబ్బరం ఇందులో లేదు.

బోస్టన్ నుంచి వచ్చిన కబురు

1965 వసంతంలో బోస్టన్ రేడియో స్టేషన్ డబ్ల్యూబీజెడ్‌లో రాత్రివేళ కార్యక్రమం నడిపే డిక్ సమ్మర్ ఈ పాటను వేయడం మొదలుపెట్టారు. హార్వర్డ్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగారు. సెలవులకు ఫ్లారిడాలోని కోకో బీచ్‌కు వెళ్లిన విద్యార్థులు అక్కడ కూడా ఇదే పాట గురించి ఆరా తీశారు. డబ్ల్యూబీజెడ్ 1030 కిలోహెర్ట్జ్ మీద 50 కిలోవాట్ల శక్తితో ప్రసారమయ్యే స్టేషన్. చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు పై వాతావరణం నుంచి పరావర్తనం చెంది వందల మైళ్లు పోతాయి. రాత్రిపూట దూరపు ఊళ్ల స్టేషన్లు పట్టుకున్న తరం వారికి ఇది చెప్పనక్కర లేదు.

ఇక్కడ కొలంబియా చేసిన మంచి పని, దేశమంతటా మూడు వేల కాపీలు పోయిన ఆల్బమ్‌లో ఒక్క పాటకు ఒకటి రెండు చోట్ల కదలిక వచ్చిందన్న కబురును చెత్తబుట్టలో వేయకపోవడం. ఆ కబురు అమ్మకాల విభాగం ద్వారా విల్సన్‌కు చేరింది. ఈ రోజుల్లో స్ట్రీమింగ్ సంస్థలు ఏ ఊళ్లో ఎంతమంది విన్నారో కళాకారుడికే చూపిస్తున్నాయి. మొత్తం సంఖ్య చూసి నిరుత్సాహపడే జంటలకు ఊళ్ల పట్టిక చూడమని చెబుతుంటాను. వరంగల్‌లోనో కాకినాడలోనో ఒక్క పాటకు మాత్రం అసాధారణమైన లెక్క కనిపిస్తే, తరువాతి ఖర్చు పెట్టవలసింది అక్కడ.

1965 జూన్ 15న, డిలాన్ 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' సెషన్ తరువాత, విల్సన్ ఆ వాద్యకారుల్లో గిటారిస్టు అల్ గోర్గోనీని, డ్రమ్మర్ బాబీ గ్రెగ్‌ను ఉంచేసుకుని, మరో గిటారిస్టు విన్నీ బెల్‌ను, బేస్ గిటారిస్టు జో మాక్‌ను రప్పించి, మార్చి 1964 టేపు మీద విద్యుత్ వాద్యాలు వేయించారు. అప్పటికి బర్డ్స్ బృందం డిలాన్ పాటను ఎలక్ట్రిక్ గిటార్లతో పాడిన రికార్డు మొదటి స్థానం వైపు పోతోంది. ఆ బృందమూ కొలంబియాదే. దారి ఎటో విల్సన్‌కు తెలుసు.

లయ కుదరక వాద్యకారులు ఇబ్బంది పడ్డారు. మాట కోసం ఆగి నడిచే గిటార్ మీద డ్రమ్ము వేయడమంటే, దెబ్బకు దెబ్బ ముందే ఊహించుకుని వాయించాలి. ఈనాటి సాఫ్ట్‌వేర్‌లో అయితే పాట పొడుగునా లయ పటం గీసుకుని, దానికి తగ్గట్టు తాళం యంత్రాన్నే వంచుతాం. వారికి ఉన్నది చెవులు మాత్రమే. తుది రికార్డులో మొదటి చరణం దాదాపు పాత రూపంలోనే సాగుతుంది, డ్రమ్స్ రెండో చరణానికి గాని రావు. ఇది గొప్ప నిర్ణయం. గొంతులు శ్రోతను పట్టుకున్న తరువాతే దరువు వచ్చింది. గమనించి వింటే కొన్నిచోట్ల డ్రమ్స్ గిటార్ కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది. హాలీ వేసిన దట్టమైన ఎకోలో ఆ అతుకులు చాలావరకు కలిసిపోయాయి. సింగిల్ 1965 సెప్టెంబర్‌లో విడుదలైంది. యూరప్‌లో ఉన్న సైమన్ ఆ రూపాన్ని మొదటిసారి విని సంతోషించలేదు.

ఆ కాలపు ఫోక్ రికార్డింగులన్నిటి మీదా ఇలా డ్రమ్స్ వేస్తే పాటలు బతికేవా? బతికేవి కావు. ఈ టేపులో గొంతులు ముందే పూర్తిగా నిలబడి ఉన్నాయి, గిటార్ పై స్థాయిలో సన్నగా ఉంది, మధ్యలో చోటు ఖాళీగా ఉంది. 1964లో పియానోనో, తంత్రీ వాద్యాలనో వేసి నింపి ఉంటే 1965లో పెట్టడానికి చోటుండేది కాదు.

హక్కుల సంగతి

విల్సన్ ఎవరి అనుమతీ అడగనక్కర లేకపోయింది, ఎందుకంటే టేపు కొలంబియాది. మన జంటలకు నేను ఎక్కువ సేపు చెప్పేది ఈ భాగం గురించే. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు దాని నిర్మాతది. స్టూడియో ఖర్చు, బాధ్యత ఎవరిదైతే సాధారణంగా వారే నిర్మాత. రాసిన మాట మీద, కట్టిన వరుస మీద హక్కు వేరు. 2012 సవరణ తరువాత, సినిమాతో సంబంధం లేని పాటల విషయంలోనూ, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప వేరెవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినట్టు ఒప్పందంలో ఉన్నా చెల్లదు. పాడినవారికి 38బి సెక్షన్ కింద నైతిక హక్కు ఉంది: హక్కులన్నీ బదిలీ చేసిన తరువాత కూడా, తమ ప్రతిష్ఠకు భంగం కలిగేలా గానాన్ని వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. అయితే పాట మీద డ్రమ్స్ వేయడం ప్రతిష్ఠకు భంగమని నిరూపించడం కష్టం. పైగా కేవలం సాంకేతికమైన మార్పులు ఇందులోకి రావని సెక్షన్‌లోనే వివరణ ఉంది. కనుక చట్టం మీద భారం వేయకుండా ఒప్పందంలోనే రాసుకోవాలి: కొత్త వాద్యాలు చేర్చి విడుదల చేసేటట్టయితే జంటకు ముందుగా వినిపించాలి, అభ్యంతరం చెప్పడానికి గడువు ఇవ్వాలి, ఆ రూపానికి వేరే పేరు ఉండాలి. అనుమతి ఇవ్వకపోతే విడుదల చేయకూడదన్న వాక్యాన్ని లేబుళ్లు చాలావరకు ఒప్పుకోవు. ముందుగా వినిపించడాన్ని ఒప్పుకుంటాయి.

ఇతరుల పాటలు పెట్టుకునేవారు మరో సంగతి చూసుకోవాలి. మన చట్టంలోని 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిస్తే గాని హక్కుదారు సమ్మతి లేకుండా కవర్ వెర్షన్ చేయడానికి లేదు. చేసినా ఏడాదికి కనీసం 50 వేల కాపీల రాయల్టీ కట్టాలి. ఆ చట్టమే న్యూయార్క్‌లో ఉండి ఉంటే, డిలాన్ పాట ఆ ఆల్బమ్‌లోకి అంత సులువుగా వచ్చేది కాదు, ఆ చోట సైమన్ సొంత పాట ఒకటి వచ్చేదేమో. జానపదుల పాటలకు రచయిత పేరు లేదు గనుక ఇబ్బంది లేదనుకోవడమూ తొందరపాటే: ఎవరి దగ్గర విని రాసుకున్నారో, ఎవరి వరుసను అనుసరిస్తున్నారో అట్ట మీదా, నమోదు పత్రంలోనూ చెప్పాలి.

తరువాత

పాట పట్టికలో పైకి పోతుండగానే కొలంబియా రెండో ఆల్బమ్ అడిగింది. విల్సన్ అప్పటికే సంస్థ వదిలి వెళ్లారు. బాబ్ జాన్‌స్టన్ నిర్మాతగా కొద్ది వారాల్లో రికార్డింగ్ ముగించి 1966 జనవరిలోనే విడుదల చేశారు. ఓడిన తొలి ఆల్బమ్‌ను కూడా అదే నెలలో మళ్లీ కొట్లలోకి పంపారు. పాటలు మారలేదు, క్రమం మారలేదు, మొదటి వైపు చివర డ్రమ్స్ లేని పాత 'ది సౌండ్స్ ఆఫ్ సైలెన్స్' అలాగే ఉంది. రేడియోలో విన్న రూపం కోసం కొన్నవారికి ఇందులో మరో రూపం దొరికింది. అయినా అది ఈసారి ఆల్బమ్‌ల పట్టికలో 30వ స్థానం దాకా వెళ్లింది.

రెండో ఆల్బమ్‌లో 'సమ్‌వేర్ దే కాంట్ ఫైండ్ మీ' అనే పాట ఉంది. అది తొలి ఆల్బమ్ పేరు పాటే: దొంగతనం చేసి వచ్చి, తెల్లవారుజామున నిద్రపోతున్న ప్రియురాలిని చూస్తూ కూర్చున్నవాడి కథ. దానికి కొత్త వరుస కట్టి, దరువు పెంచి, జంట తమ చేతులతోనే తమ పాటకు విద్యుత్ వాద్యాలు తొడిగింది. మాటలు చాలావరకు అవే. నా చెవికి మాత్రం పాతదే బాగుంటుంది. పక్కన మనిషి నిద్రపోతుండగా గొంతు తగ్గించి చెప్పుకునే మాటలకు అంత దరువు ఎక్కువైంది. ఈ రెండు రూపాలను ఒకదాని వెంట ఒకటి వినిపించి, తమ పాటల్లో ఏది దరువును మోస్తుంది, ఏది మోయదు అన్నది స్టూడియో గంటలు మొదలు కాకముందే కాగితం మీద రాసి తెమ్మని జంటలకు చెబుతుంటాను.